ముత్తవ్వ కళ్ల మీద ఉప్పు

నమోదు ఒకటి. మంచు పలచన. మూడో వల కింద గొట్టం బిగించాను.

మా ముత్తవ్వ కళ్ల మీద ఉప్పు పెట్టింది ఎవరు?

యూనివర్సిటీలో చరిత్ర చదివే రోజుల నుంచి ఈ ప్రశ్న నాతోనే తిరుగుతోంది. పాత డాక్యుమెంటరీల గురించి పాఠం జరుగుతోంది. ఒకప్పుడు కొందరు పేద ఊళ్లకి కెమెరాలు పట్టుకెళ్లి, అక్కడి మనుషుల్ని వింత జంతువుల్లా తీసి, ఎక్కడో దూరదేశాల్లో టికెట్లు అమ్ముకునేవారట. లెక్చరర్ వాటిని దోపిడీ డాక్యుమెంటరీలు అనేవారు. ఉదాహరణకి ఒక ముక్క వేశారు. సముద్రం ఒడ్డున ఒక ముసలామె జుట్టు విరబోసుకుని కూర్చుని ఉంటుంది. గడ్డం మీద మూడు చుక్కల పచ్చబొట్టు. మూసిన రెండు రెప్పల మీదా రాతి ఉప్పు. భర్త పోయిన ఆడదాన్ని ఈ జాతివాళ్లు ఇలా సముద్రానికి చూపిస్తారు అని ఒక దొర గొంతు చెబుతుంది. అక్కడితో ముక్క అయిపోతుంది. "ఇలాంటి సినిమాల్లో సగం ఆచారాలు సినిమావాళ్లు పుట్టించినవే" అన్నారు లెక్చరర్, మామూలుగా, చాక్‌పొడి దులుపుకుంటూ.

ఆ ముసలామె మా ముత్తవ్వ. ఆ ముక్క మా పేటలో ప్రతి ఇంట్లోనూ ఉంది. సముద్రం ఊళ్లని మింగాక మావాళ్లు ఈ కొండ ఎక్కారు. ఎక్కిన ఏడాదే జ్వరాలొచ్చి పెద్దవాళ్లంతా పోయారు. పాటలు తెలిసినవాళ్లు, తద్దినాలు తెలిసినవాళ్లు, ఎవరూ మిగల్లేదు. ఆ ముక్క మిగిలింది. దాన్ని చూసి చూసి పిల్లలుగా ఉన్నవాళ్లు నేర్చుకున్నారు. చేపలకి వేసే వలలు మంచుకి కట్టి నీళ్లు పట్టడం ఎలా నేర్చుకున్నారో, అలాగే ఇదీ. మగవాడు పోతే, వచ్చే అమావాస్యకి అతని భార్య కొండ చివర బండ మీద, సముద్రం ఉన్న దిక్కుకి తిరిగి, కళ్ల మీద ఉప్పుతో పొద్దుగూకే దాకా కూర్చుంటుంది. ఆ బండని మేము ఒడ్డు అంటాం.

మా అన్నయ్య నరసింగు మొన్న గాలిలో వల దించుతూ కంబం మీంచి పడి చనిపోయాడు. మంచు ఎలా పడిందో రోజూ నమోదు చెయ్యాల్సిన వంతు ఇప్పటిదాకా అన్నయ్యది. ఇప్పుడు నాది.

ఉదయం గున్నమ్మ పెద్దమ్మ వచ్చింది. ఉప్పు పెట్టే చెయ్యి ఆమెదే. గడప దాటకుండానే చెప్పింది.

"అమాస నాడు బంగారమ్మని ఒడ్డుకాడికి తీసుకురాండి. ఉప్పు నానే తెత్తాను."

"పెద్దమ్మా, వదినకి ఉన్నది ఒక్క కన్నే" అన్నాను. రెండోది వల తీగ తెగి కొట్టినప్పుడు పోయింది.

"నాకూ ఒకటే. ఉప్పుకాడికెల్లినప్పుడు రెండుండేవి. సచ్చిపోనానేటి?"

"అందుకే చెబుతున్నాను."

"ఓలమ్మ, సదివేసిన గుంటవి, నీకు సెప్పేదేటి? సంద్రం పోయింది. పడవ పోయింది. పాట పోయింది. మనోలు సేసిందాంట్లో మనం సేత్తన్నది ఇదొక్కటే గదా. ఇదీ తీసేత్తే మనమెవులం? కొండమీద నీలమ్ముకునేవోలం."

వదిన లోపల చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. "దేశమ్మా, తగువాడకు. నాను వద్దన్నానేటి?" అంది.

అనలేదు నిజమే. అన్నయ్య పోయినప్పట్నుంచీ ఆమె దేనికీ వద్దనడం లేదు. నేనూ పెద్దగా ఏడవలేదు. గొట్టాలు బిగిస్తున్నాను, దించుతున్నాను.

ఆ సినిమా మొత్తం చూడాలి. ముక్కకి ముందు ఏముందో, వెనక ఏముందో. సినిమావాళ్లే ఉప్పు పెట్టారని తేలితే పెద్దమ్మ ఆగుతుందని నా ఆశ. అమావాస్యకి మైల తీరుతుంది, అందాకా వదిన గడప దాటకూడదు. కాబట్టి ఇంట్లోనే చూడాలి.

నమోదు రెండు. మంచు లేదు. వలలు పొడిగానే ఉన్నాయి.

ముందు గోడనే అడిగాను. ఇంట్లో గోడ ఉండగా ఇంకెవరిని అడుగుతాం.

మా గోడలు ఏ సినిమా అడిగితే ఆ సినిమా చూపిస్తాయి. అడిగినవాళ్లకి తగ్గట్టు అల్లి చూపిస్తాయి. ఆ సంగతి అందరికీ తెలుసు. చూస్తున్నప్పుడు మాత్రం ఎవరికీ గుర్తుండదు.

"మార్చకుండా కావాలి" అన్నాను.

"తప్పకుండా. మార్చకుండా చూపిస్తున్నాను" అంది గోడ.

సినిమా వచ్చింది. టోపీ పెట్టుకున్న ఎర్రటి మనిషి ఒకడు ముత్తవ్వ తల వెనక్కి వంచి, రెప్పల మీద ఉప్పు కుక్కాడు. ఆమె పెనుగులాడింది. వాడు నవ్వాడు. హమ్మయ్య అనుకున్నాను. సరిగ్గా నేననుకున్నట్టే ఉంది. తర్వాత అదే నన్ను పట్టుకుంది: సరిగ్గా నేననుకున్నట్టే ఉంది.

"ఉండు, నానడుగుతాను" అంది వదిన. చేతులు తుడుచుకుని వచ్చి గోడ ముందు కూర్చుంది. అదే సినిమా పేరు చెప్పింది.

ఈసారి టోపీ మనిషి లేడు. ముత్తవ్వ పక్కన ఆడవాళ్లు గుంపుగా ఉన్నారు. పెద్ద తోడికోడలు కాబోలు, చంటిపిల్లకి కాటుక పెట్టినట్టు మెల్లగా ఉప్పు పెట్టింది. వెనక పాట. వదిన కన్ను తడిసింది. కాసేపయ్యాక ముక్కు చీదుకుని తనే నవ్వింది.

"ఈ గోడ సంబంధాలు కుదిర్సేవోడి లాటిది దేశమ్మా. ఓలింటికెల్తే ఆలింటి మాట."

నమోదు మూడు. తెల్లవారుజామున మంచు, తర్వాత గాలి.

రాజధాని గ్రంథాలయంలో ఆ సినిమా అసలు ప్రతి ఉంది. వాళ్లది అల్లిక కాదు. ఇంటికి పంపమని అడిగితే పంపుతారు కూడా. కాకపోతే గౌరవ చట్టం ఉంది. అనుమతి ఇవ్వకుండా తెర మీద కనబడిన మనుషుల్ని తుడిచేశాకే పంపుతారు. మంచి చట్టమే. పాసైన రోజున మేమంతా సంతోషించాం.

చూశాను. మా ఊరు వచ్చింది. పడవలు, తాటి దుంగలు, ఆరేసిన వలలు. మనుషులు లేరు. ఒడ్డు మీద ఇసుకలో ఒకచోట చిన్న గుంట, ఎవరో కూర్చున్నట్టు. అలలు వచ్చి పోతున్నాయి. చాలాసేపు అదే.

గున్నమ్మ పెద్దమ్మ నీళ్లకోసం వచ్చి, బిందె చంకన పెట్టుకుని గుమ్మంలోంచే చూసింది.

"అదేటే?"

"మన ఊరు."

"మనుసులేరీ?"

"గౌరవంగా తీసేశారు."

ఆమె ఇంకొంచెంసేపు చూసింది. "సంద్రం బాగుంది" అని బిందె నింపుకుని వెళ్లిపోయింది.

గ్రంథాలయానికి మళ్లీ ఫోన్ చేశాను. నేను ఆవిడ మునిమనవరాలినని చెప్పాను. ఆమె అనుమతి లేకుండా ఆమెను మీకు చూపించలేం అన్నారు. ఆమె పోయి చాలా ఏళ్లైందండీ అన్నాను. అందుకే అనుమతి ఇక రాదు అన్నారు, ఎంతో మర్యాదగా. ఇళ్లలో సొంతంగా పాత ప్రతులు దాచుకున్నవాళ్లు ఉంటారనీ, వాళ్లు తమ పరిధిలోకి రారనీ కూడా చెప్పారు. అది సాయమో, హెచ్చరికో నాకు తెలియలేదు.

నమోదు నాలుగు. మంచు బాగా పడింది. తొట్లు నిండాయి.

కింద పట్నంలో పాత దోపిడీ డాక్యుమెంటరీలు ఇళ్లలో వేసుకుని చూసేవాళ్ల క్లబ్బు ఒకటి ఉంది. ఇమాన్యుయేల్ గారని, రిటైరైన ఇంజనీరు, దాన్ని నడుపుతారు. గోడ మీద ఆయన ముఖం గుండ్రంగా, దయగా కనిపించింది. వెనక అల్మరా నిండా డబ్బాలు.

"ఆ సినిమానా! ఉందమ్మా, ఉంది. ఆ వరసలో కొంచెం మెత్తటిది. పాములు తినే ఊరు ఒకటుంటుంది చూడండి, అది అసలు..." అంటూ ఉత్సాహంగా మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆగారు. "సారీ మేడం. మీరు పరిశోధన కోసమా?"

"అందులో ఒడ్డున కూర్చున్నావిడ మా ముత్తవ్వ."

"అయ్యో! ఎవరు, ఉప్పావిడా?" ఆయన కుర్చీలో ముందుకి జరిగారు. సినిమా తారల బంధువు కనబడ్డప్పుడు జరిగినట్టు. "మా క్లబ్బులో అందరికీ ఆవిడంటే ప్రాణం మేడం. నిజంగా."

థాంక్స్ అన్నాను.

మారని డిస్కు, దాన్ని ఆడించే పాత పెట్టె, రెండూ రోప్‌వేలో పంపుతానన్నారు. గోడకి తగిలించకండి, పెట్టెకున్న చిన్న తెర మీదే చూడండి, గోడకి తగిలిస్తే అది ఊరుకోదు, అల్లేస్తుంది అని జాగ్రత్త చెప్పారు. డబ్బు వద్దన్నారు. ఒక్కటే అడిగారు.

"మీవాళ్లు ఇప్పటికీ చేస్తారని విన్నాను. ఈసారి చేసినప్పుడు కొంచెం తీసి పెట్టండి మేడం. మనలో మనకే. మనిషిని వెనకనుంచి తీసినా చాలు."

సరేనన్నాను. సినిమా చూశాక ఈసారి చెయ్యడమే ఉండదు కదా, తీయడానికేముంటుంది అని లెక్క వేసుకున్నాను. మాట ఇచ్చాక కూడా ఆ లెక్క బాగానే ఉన్నట్టు కనబడింది. నాకు ఏ లెక్కైనా కాసేపు బాగానే కనబడుతుంది.

నమోదు అయిదు. మంచు మధ్యస్థం.

పెట్టె వచ్చింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక కిటికీకి గోనె కట్టి ముగ్గురం కూర్చున్నాం. పెద్దమ్మని నేనే పిలిచాను. ఆమె రానంటుందనుకున్నాను, తమలపాకు నములుతూ వచ్చింది. తెర పళ్లెమంత కూడా లేదు. దానికోసం ముగ్గురం భుజాలు ఆనించుకుని వంగాం. మా ఇద్దరి మధ్యా వదిన, మంచి కన్ను తెర వైపు పెట్టి.

ముందు వేరే ఊళ్లు. పంది గొంతు కోయడం. దొర గొంతు ఏదో చెబుతూనే ఉంది. నేను తెలుగులో చెప్పుకుంటూ వచ్చాను. పెద్దమ్మ "ఆడి నోట్లో మన్ను" అంటూ వచ్చింది. తర్వాత మా ఊరు. ఈసారి మనుషులతో.

"ఒలే, ఆ ముడి సూడు, తెడ్డుకాడ!" పెద్దమ్మ తెర మీద వేలు పెట్టింది. "మా అయ్య కట్టీవోడు అలాగ. సూడు, సూడు!"

ఒకాయన వలలో చెయ్యి దూర్చి నవ్వుతున్నాడు. పిల్లలు కెమెరాకి అడ్డంగా పరిగెత్తుతున్నారు. పెద్దమ్మ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుద్దామన్నట్టు నోరు తెరిచి, పేర్లు తెలియక మూసుకుంది.

ముత్తవ్వ వచ్చింది. ముక్కలో లేని చోట నుంచి. అప్పటికి కళ్లు తెరిచే ఉంది. పక్కనుంచి ఒక ఆడ చెయ్యి, మట్టిగాజులతో, ఆమె రెప్పల మీద ఉప్పు పెట్టింది. ముత్తవ్వ తల విదిలించి తుడిచేసింది. గాజుల చెయ్యి మళ్లీ పెట్టింది. మళ్లీ తుడిచేసింది. అప్పుడు తెరకి ఇవతల నుంచి ఒక మగ గొంతు వినబడింది. దొరది కాదు, మావాడిదే.

"అవ్వా, బేగి కానీవే. బియ్యం బస్తా ఒద్దేటి?"

ముత్తవ్వ అటు చూసింది. కాసేపు అలాగే చూసింది. గాజుల చేతిలోంచి ఉప్పు తనే తీసుకుంది. కళ్లు మూసుకుని, ఒక రెప్ప మీద, తర్వాత రెండో రెప్ప మీద, తనే పెట్టుకుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని సముద్రం వైపు తిరిగింది. దొర గొంతు మొదలైంది. అక్కణ్ణుంచి మా పేటలో అందరికీ తెలిసిన ముక్క.

పెట్టె ఆపేశాను. తెలిసింది. తెలిస్తే ఎలా ఉంటుందో ఇన్నేళ్లు ఊహించుకున్నాను. ఏమీ లేదు. పెద్దమ్మ నమలడం ఆపింది, అంతే.

"బియ్యం కోసమా" అంది చివరికి. నన్ను కాదు, తెరని. ఆమె వేళ్లు ముఖం మీదకి వెళ్లాయి. పొర కమ్మిన కన్ను ఉన్న వైపు. "నా కన్ను బియ్యం కోసమేటే?"

ఆమె లేచి, గోడ పట్టుకుని, చెప్పులు వేసుకోకుండానే వెళ్లిపోయింది. వదిన వెనకాలే చెప్పులు పట్టుకుని గడప దాకా వెళ్లి, అక్కడ ఆగి, నాకిచ్చింది. నేను వెళ్లి ఇచ్చి వచ్చాను.

నమోదు ఆరు. మంచు దట్టం. వలలు బరువెక్కాయి.

పెద్దమ్మ కబురు పంపింది. ఉప్పు పెట్టదట. ఇంకెప్పుడూ ఎవరికీ పెట్టదట.

అనుకున్నది జరిగింది. ఆ మాట వదినకి చెప్పి, పప్పు పొయ్యి మీద పెట్టాను. ఆమె "మరైతే నానెలాగ కూకోడం?" అంది.

"కూర్చోవద్దు వదినా. అది మనది కాదు. చూశావుగా."

"సూసేను. ఆకలైంది, పెట్టుకుంది. ఐతే?"

"అయితే అది ఆచారం కాదు. వేషం."

"మీ అమ్మ కూకుంది. ఏసమేటి?"

అమ్మ కూర్చున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. సాయంత్రం ఉప్పు కడిగాక ఆమె కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ముఖం మాత్రం నాన్న పోయాక మొదటిసారి మనిషి ముఖంలా ఉంది. దాన్ని నేను ఏ పాఠంలోనూ ఎక్కడా పెట్టలేకపోయాను.

"నీకు సదువుంది దేశమ్మా" అంది వదిన. కోపంగా కాదు. "ఆ కాగితాలూ ఈ సినిమాలూ తిరగేసి ఏడుత్తావో ఏటో నువ్వు. నాకేటుంది? ఆడు పడిపోయిన నాడు నాను గంజి వారుత్తన్నాను. కేకేత్తే గంజి దించి ఎల్లేను. దించి ఎల్లేను దేశమ్మా. అప్పట్నుంచీ నాకేడుపు రాట్లేదు. ఒక పూట కూకుని నీలు కారితే నీకేటి నట్టం?"

"ఉన్న కన్ను పోతే?"

"పోతే సూడ్డానికి నువ్వు నేవేటి?"

నవ్వుతోందేమోనని చూశాను. నవ్వుతోంది కూడా.

మధ్యాహ్నం పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను, వదినని ఆపమని. ఆమె మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. "నానాపితే ఆగుద్దేటి? పెట్టినదాన్ని నానే. ఇప్పుడు వద్దంటే ఏ మొకం పెట్టుకుని వద్దంటాను? నువ్వు తెచ్చేవు ఆ పెట్టి. నువ్వే ఆపుకో" అంది.

నమోదు ఏడు. అమావాస్య. మంచు లేదు, ఎండ.

మావాళ్లు అమావాస్య నాడు వలల జోలికి వెళ్లరు. పని లేదు కాబట్టి పేటంతా ఒడ్డు దగ్గరికి వచ్చింది. పెద్దమ్మ రాలేదు. ఉప్పు పెట్టే చెయ్యి లేదని అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నన్ను పెట్టమన్నారు ఒకరిద్దరు. చదువుకున్నదాన్ని కదా అని. తల అడ్డంగా ఊపాను.

వదిన కొంగులోంచి తనే ఉప్పు తీసింది. ముందు పోయిన కంటి మీద పెట్టుకుంది. ఆగింది. నేను ఆమె పక్కన, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉన్నాను. రెండో కంటి మీద కూడా పెట్టుకుంది. సరిగ్గా ముత్తవ్వ పెట్టుకున్నట్టే, ఒక రెప్ప తర్వాత ఒకటి. పేటలో ఇంతవరకూ ఎవరూ తనంతట తాను పెట్టుకోలేదు. వెనకనుంచి ఎవరో అమ్మాయి "ఇలాగే కదా, సొంతంగా పెట్టుకోవాలి" అని పక్కవాళ్లకి నేర్పుతోంది.

ఇమాన్యుయేల్ గారికి ఇచ్చిన మాట గుర్తుంది. కెమెరా సంచిలో ఉంది. తీయలేదు.

పొద్దెక్కాక వదిన ఏడవడం మొదలుపెట్టింది. ముందు చిన్నగా, తర్వాత పెద్దగా, అన్నయ్య పేరు పెట్టి, గంజి పేరు పెట్టి. ఉప్పు కరిగి చెంపల మీద కారింది. కరిగినకొద్దీ మళ్లీ పెట్టుకుంది. పొద్దుగూకే దాకా నేను అక్కడే నిలబడ్డాను. ఒకసారి చెయ్యి ఎత్తాను కూడా. ఆమె నొసటి మీద జుట్టు సర్ది దించేశాను.

నమోదు ఎనిమిది. మంచు పలచన. రెండో వలకి అతుకు.

డాక్టరు రోప్‌వేలో పైకి వచ్చి చూసి వెళ్లింది. కంటిపాప మీద పుండు. మందు వేస్తున్నాం. చూపు తేరుకోవచ్చు, తేరుకోకపోవచ్చు అంది. ఇప్పటికి వదినకి వెలుగు తెలుస్తోంది, ఎదురుగా మనిషి నిలబడితే మనిషని తెలుస్తోంది. రాత్రిళ్లు నిద్రపోతోంది. అన్నం అడిగి తింటోంది. అన్నయ్య గురించి మాట్లాడుతోంది, తిడుతోంది కూడా. పొద్దున్న వల అతికే దారం తడిమి ఎక్కించబోయి, రాక, "ఎక్కించి పెట్టవే, నువ్వు నేవేటీ" అని నన్ను పిలిచింది. ఎక్కించి ఇచ్చాను.

పెట్టె తిప్పి పంపేశాను. తీయలేదని ఇమాన్యుయేల్ గారికి చెప్పాను. ఆయన ఏమీ అనుకోలేదు. "పర్వాలేదు మేడం. ఎలా జరిగిందో రెండు ముక్కలు చెప్పండి చాలు, గోడకి చెబితే అల్లేస్తుంది" అన్నారు. చెప్పను అన్నాను. అయినా అల్లించుకుంటారేమో. నేను చెయ్యగలిగింది లేదు.

ఆయన క్లబ్బువాళ్లకీ నాకూ తేడా ఏమిటని ఈ రెండు రోజులూ ఆలోచిస్తున్నాను. వాళ్లు దూరం నుంచి చూశారు, నేను దగ్గర నుంచి చూశాను. ముత్తవ్వ చేతిలోంచి ఆ ఉప్పు ఎవరైనా లాగేసి ఉంటే బియ్యం పోయేది. వదిన చేతిలోంచి నేను లాగేసి ఉంటే చూపు నిలిచేది, ఆ ఏడుపు రాకపోయేది. కన్ను ఆమెది, ఏడుపు ఆమెది, ఆపడానికి నేనెవరిని అని ఒక పూట అనిపిస్తుంది. ఈ మాటే చెప్పుకుని చేతులు ముడుచుకోవడం ఎంత తేలిక అని ఇంకో పూట అనిపిస్తుంది. ఆ రోజు ఎత్తిన చేత్తో ఆ ఉప్పు తుడిచెయ్యాల్సిందా, లేదా? నాకు తెలియదు. తేల్చుకోలేకపోతున్నాను.